సూపర్‌కార్ ఆకారం చదివి రీసేల్ విలువ అంచనా వేయడం: దశలవారీ మార్గదర్శి

2011లో ఇంగ్లండ్‌లో చేతిలో దాదాపు 1,70,000 పౌండ్లు ఉన్నవాళ్ల ముందు రెండు కార్లు ఉండేవి. ఒకటి ఫెరారీ 458 ఇటాలియా, రెండోది మెక్‌లారెన్ ఎంపీ4-12సీ. కాగితం మీద మెక్‌లారెన్‌దే పైచేయి. 75 కిలోల కార్బన్ ఫైబర్ టబ్ (మనుషులు కూర్చునే చోటి గట్టి చట్రం), ట్విన్ టర్బో వీ8, 600 హార్స్‌పవర్. ఫెరారీది అల్యూమినియం బాడీ, టర్బో లేని 4.5 లీటర్ల వీ8, 570 హార్స్‌పవర్. ఆ తర్వాత 12సీ ధర ఏటా జారుతూ పోయింది. 458 కొంత తగ్గి, ఒక చోట ఆగి నిలబడింది. వేగం, పవర్, టెక్నాలజీ చూసి రీసేల్ అంచనా వేసేవాళ్లు ఎక్కడ తప్పుతారో ఈ జంట చెబుతుంది. ఫ్యాక్టరీ ఇక మళ్లీ చేయని వస్తువు, కాగితాలతో రుజువు చేయగల చరిత్ర, ఈ రెండూ ఉన్న కారుకే ధర నిలుస్తుంది. కింది దశలన్నీ వాటిని వెతకడానికే.

దశ 1: ఆకారం ఏం పని చేస్తోందో చూడండి

ముందు డోర్ తెరవకండి. కారుకు పక్కగా ఆరేడు మీటర్ల దూరంలో నిలబడి, చక్రం మధ్యభాగం ఎత్తుకు కళ్లు వచ్చేలా వంగి చూడండి. మిడ్ ఇంజిన్ కారులో సీట్లు ముందుకు జరిగి, ఇంజిన్ బరువు వాటి వెనక, వెనక చక్రాల ముందు కూర్చుంటుంది. ముక్కు నుంచి అద్దం మీదుగా పైకప్పు వరకు వెళ్లే గీత ఎన్ని చోట్ల విరిగిందో లెక్కపెట్టండి. మార్చెల్లో గాండిని అనే డిజైనర్ గీసిన లంబోర్గిని కౌంటాక్ 1974లో రోడ్డెక్కింది. ముక్కు, అద్దం, కప్పు దాదాపు ఒకే వాలులో సాగే ఆ గీతను లంబోర్గిని అవెంటడోర్ దాకా, దాని తర్వాతి రెవుయెల్టో దాకా వదల్లేదు. అందువల్ల పదేళ్ల అవెంటడోర్‌ను కొత్త రెవుయెల్టో పక్కన పెట్టినా ఒకే ఇంటి బిడ్డలా కనిపిస్తుంది. పాత కారు పాతదిగా కనిపించకపోవడం రీసేల్‌లో నేరుగా డబ్బు.

మెక్‌లారెన్ సంగతి తిరగబడింది. 12సీ మొహం మరీ సాదాగా ఉందన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. 2014లో తర్వాతి మోడల్ 650ఎస్‌కు, తమ హైపర్‌కార్ పీ1 పోలిక ఉన్న ముక్కు తగిలించగానే మూడేళ్లలోనే 12సీ పాతబడింది. కొందరు యజమానులు తమ 12సీకి 650ఎస్ ముక్కు పెట్టించుకున్నారు కూడా. అలా మార్చిన కారు మీకు తగిలితే దూరంగా ఉండండి. తర్వాత కొనేవాళ్లకు అది అసలు 12సీ కాదు, 650ఎస్ అంతకన్నా కాదు.

తర్వాత రంధ్రాల సంగతి. ప్రతి గాలి రంధ్రంలోకి టార్చ్ వేసి చూడండి. లోపల రేడియేటరో, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరో, బ్రేక్ గొట్టమో కనిపించాలి. జాలీ వెనక నల్లటి ప్లాస్టిక్ రేకు అడ్డంగా ఉంటే అది అలంకారం. ఫేస్‌లిఫ్ట్ (అదే మోడల్ రూపానికి మెరుగులు) వచ్చినప్పుడు మొదట పోయేవి ఇవే, అవి ఉన్న పాత మోడల్ మీద తేదీ ముద్ర వేసిపోతాయి. నిజమైన రంధ్రం ఇంజిన్‌తో పాటు బతుకుతుంది. 2009లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపించిన 458 పక్కభాగం శుభ్రంగా ఉండటానికి కారణం టర్బో లేకపోవడమే, ఇంటర్‌కూలర్‌కు గాలి పంపాల్సిన పని లేదు. 2015లో 488 జీటీబీకి టర్బోలు వచ్చేసరికి డోర్ వెనక పెద్ద గాలి ద్వారం తప్పలేదు. దాన్ని మధ్యలో ఒక రెక్కతో రెండుగా చీల్చారు. పై భాగం గాలి ఇంజిన్‌కు, కింది భాగం గాలి ఇంటర్‌కూలర్లకు. ఫ్లావియో మాంజోనీ ఆధ్వర్యంలోని ఫెరారీ సొంత డిజైన్ విభాగం దాన్ని పాత 308 జీటీబీ గుర్తుకొచ్చేలా మలిచింది. అంతకుముందు 458 మీద ఇటలీ డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనా ముద్ర ఉంది. ఆ పేరున్న చివరి మిడ్ ఇంజిన్ వీ8 ఫెరారీ కావడం కూడా 458 ధరకు చేసిన మేలు చిన్నదేమీ కాదు.

మెక్‌లారెన్ 720ఎస్‌లో ఇదే పనిని కనపడకుండా చేశారు. డోర్లకు రెండు పొరలు పెట్టి, మధ్యలోంచి రేడియేటర్లకు గాలి పంపారు. హెడ్‌లైట్లు కూర్చున్న కంటిగుంటల్లోంచి కూడా గాలి లోపలికి వెళ్తుంది. 2017లో చాలామంది ఆ కళ్లను వెక్కిరించారు. ఇంజనీరింగ్‌లోంచి పుట్టిన వింత రూపానికి కళ్లు కాలక్రమేణా అలవాటు పడతాయి, అంటించిన వింత మాత్రం ఎప్పటికీ అంటించినట్టే ఉంటుంది. అయినా 720ఎస్ ధర పడింది, దానికి కారణం రూపం కాదు. అది మూడో దశలో వస్తుంది.

దశ 2: ఇంజిన్, గేర్‌బాక్స్ ఏ వరసలో చివరివో తేల్చండి

ఒక కాగితం మీద ఈ కారు ముందు మోడల్, తర్వాతి మోడల్ రాసుకోండి. ఏది ఆగిపోయిందో గుర్తించండి. ముందటి కారు ధర పెంచే మార్పులు మూడు: టర్బో రావడం, మాన్యువల్ గేర్ పోవడం, హైబ్రిడ్ రావడం. ఆ గీతకు ఇవతల ఉన్న చివరి కారు మీకు కావాలి.

ఫెరారీ మిడ్ ఇంజిన్ వీ8లలో మాన్యువల్ దొరికిన చివరిది ఎఫ్430. టర్బో లేని చివరివి 458 కుటుంబం. లంబోర్గినిలో గల్లార్డో తర్వాత మాన్యువల్ రాలేదు. 2014 నుంచి వచ్చిన హురకాన్‌తో టర్బో లేని వీ10 ముగిసింది. దాని స్థానంలోని టెమెరారియోలో 4 లీటర్ల ట్విన్ టర్బో వీ8కి హైబ్రిడ్ తోడైంది. అదే వీ10ను పంచుకున్న ఆడి ఆర్8 కూడా 2024లో ఆగింది. మొదటి తరం ఆర్8లో లోహపు గాడిలో కదిలే మాన్యువల్ లీవర్ ఉన్న కార్లకు, అదే ఏడాది ఆటోమేటెడ్ గేర్‌బాక్స్ కార్లకు మధ్య ధరలో తేడా స్పష్టం. కొత్తగా ఉన్నప్పుడు మాన్యువల్ నిదానం, తక్కువమంది కొన్నారు. ఇప్పుడు తక్కువ ఉండటమే దాని బలం.

హైబ్రిడ్ విషయంలో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ల భయం ఒక్కటే, బ్యాటరీ ఎవరు మారుస్తారన్నది. 2019లో 1,000 హార్స్‌పవర్‌తో వచ్చిన ఫెరారీ ఎస్‌ఎఫ్90 స్ట్రడాలే పవర్‌లో అందరినీ దాటింది, సెకండ్ హ్యాండ్ ధరలో మాత్రం చాలా వేగంగా జారింది. ఫెరారీ తర్వాత హైబ్రిడ్ భాగాలకు పొడిగింపు వారంటీలు తెచ్చింది. అలాంటి వారంటీ కారుతో పాటు కొత్త యజమానికి బదిలీ అవుతుందా, ఏ తేదీ దాకా ఉంది, ఏటా కట్టాల్సింది ఎంత అన్నవి డీలర్‌తో రాతపూర్వకంగా తీసుకోండి. వారంటీ లేని హైబ్రిడ్ సూపర్‌కార్‌ను ధర చూసి కొనకండి.

దశ 3: ఎన్ని చేశారు, తర్వాత ఏం రాబోతోంది

సంఖ్య ఒక్కటే చాలదు. పోర్షే 911 ఆర్ చూడండి. 2016లో 991 కార్లే అన్నారు. 500 హార్స్‌పవర్, 4 లీటర్ల ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్. అప్పటి 911 జీటీ3లో మాన్యువల్ లేదు కాబట్టి 911 ఆర్ ధర షోరూం ధరకు ఎన్నో రెట్లకు ఎగిరింది. 2017లో కొత్త జీటీ3కి మాన్యువల్ ఇచ్చారు, అదే ఏడాది వెనక రెక్క లేని టూరింగ్ వచ్చింది. ఆ ఎగిరిన ధర అక్కడితో దిగింది. 991 అన్న సంఖ్య మారలేదు, దానికి ప్రత్యామ్నాయం మాత్రం పుట్టింది. కాబట్టి పరిమిత ఎడిషన్ కొనేముందు అడగాల్సిన ప్రశ్న: ఇందులో ఉన్న ప్రత్యేకతను ఫ్యాక్టరీ రేపు మామూలు కారులో పెట్టగలదా? పెట్టగలిగితే ఆ అదనపు ధర ఇవ్వకండి.

పరిమిత ఎడిషన్లను మూడు రకాలుగా విడగొట్టుకోండి. సంఖ్య ప్రకటించి యాంత్రికంగా మార్చినవి: 458 స్పెషాలే ఏ 499, మెక్‌లారెన్ 675ఎల్‌టీ కూపే 500, హురకాన్ స్టెరాటో 1,499. సంఖ్య చెప్పకుండా కొంతకాలమే చేసినవి: 605 హార్స్‌పవర్ 458 స్పెషాలే లాంటివి. మూడో రకం, రంగు, కుట్టు, ఒక ఫలకం మార్చి పేరు పెట్టినవి. మూడో రకానికి మామూలు కారు ధర కంటే ఎక్కువ ఇవ్వాల్సిన పని లేదు, డీలర్ ఎంత మురిపించినా సరే.

ఇక 720ఎస్ ధర పడిన కారణం. మెక్‌లారెన్ ఆ పదేళ్లలో మోడళ్లను మరీ దగ్గర దగ్గరగా దించింది. 12సీ, 650ఎస్, 570ఎస్, 675ఎల్‌టీ, 720ఎస్, 600ఎల్‌టీ, 765ఎల్‌టీ, ఆపై జీటీ, ఆర్టురా. వీ6 ఉన్న ఆర్టురా తప్ప మిగతా వాటి ఇంజిన్ మాత్రం ఒకే కుటుంబానిది. కొన్న కారుకు రెండేళ్లలో అన్న పుట్టుకొస్తుంటే పాతదాన్ని ఎవరూ పట్టుకు కూర్చోరు. ఈ కారణంగానే మొదటి యజమానికి నష్టమైన 720ఎస్, నాలుగైదేళ్ల తర్వాత రెండో యజమానికి మంచి బేరం కావచ్చు. అంత కార్బన్ టబ్, అంత పనితనం ఆ ధరకు ఇంకెక్కడా రాదు. అయితే కింద చెప్పబోయే సస్పెన్షన్ సంగతి తేల్చుకున్నాకే.

అవెంటడోర్ చివరి ఎడిషన్ అల్టిమే 350 కూపేలు, 250 రోడ్‌స్టర్లు. 2022లో ఫెలిసిటీ ఏస్ అనే ఓడ అట్లాంటిక్‌లో కాలి మునిగినప్పుడు వాటిలో 15 పోయాయి. లంబోర్గిని మూసిన లైన్‌ను మళ్లీ తెరిచి వాటిని చేసి ఇచ్చింది. ఓడ మునిగినా ఎడిషన్ సంఖ్య తగ్గలేదన్నమాట.

దశ 4: రంగు, ఆప్షన్లు

ఆప్షన్ల మీద పెట్టిన డబ్బు అలాగే తిరిగి రాదు. అవి కారు ధరను పెంచవు, కారు అమ్ముడయ్యే రోజులను తగ్గిస్తాయి. ఈ తేడా మనసులో పెట్టుకుని బిల్డ్ షీట్ (కారు ఏ ఆప్షన్లతో తయారైందో చెప్పే కాగితం) చదవండి.

ముందుభాగం పైకెత్తే లిఫ్ట్ తప్పనిసరి. హైదరాబాద్ కాలనీ స్పీడ్ బ్రేకర్లు, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపులు తెలిసినవాళ్లకు వివరించక్కర్లేదు. లిఫ్ట్ లేని కారు ముక్కు కింది కార్బన్ పెదవి పగలకుండా ఉండదు. తర్వాత కార్బన్ రేసింగ్ సీట్లు, స్టీరింగ్ మీద ఎల్‌ఈడీ రెవ్ లైట్లు, ఫెరారీ అయితే ఫెండర్ మీద స్కుడేరియా కవచాలు (గుర్రం బొమ్మ బ్యాడ్జీలు). ఇవి తర్వాత వేయించినవి కాకుండా ఫ్యాక్టరీ నుంచి వచ్చినవై ఉండాలి. ఫెండర్‌లో కవచం దిగే పల్లం ఉందా, లేక సాదా రేకు మీద అతికించారా అన్నది వేలితో తడిమితే తెలుస్తుంది.

రంగులో ఫెరారీకి రోస్సో కోర్సా ఎరుపు ఎప్పుడూ అమ్ముడవుతుంది, దొరికేదీ ఎక్కువే. లంబోర్గినికి ఆకుపచ్చ, నారింజ, పసుపు అందం. అదే ఆకుపచ్చ ఫెరారీ మీద ఉంటే కొనేవాళ్లు తగ్గుతారు. మ్యాట్ పెయింట్‌కు ఒక చిక్కుంది. దాన్ని పాలిష్ చేయకూడదు, చేస్తే ఆ చోట మెరుస్తుంది. చిన్న గీత పడినా ప్యానెల్ మొత్తం రంగు వేయాలి. మ్యాట్ కావాలంటే మెరిసే పెయింట్ మీద మ్యాట్ ఫిల్మ్ వేయించుకోవడం మేలు, అమ్మేటప్పుడు తీసేయొచ్చు.

దశ 5: కారు దగ్గరకు మీటర్లతో వెళ్లండి

తీసుకెళ్లాల్సినవి: అల్యూమినియం మీద కూడా పనిచేసే పెయింట్ మందం మీటర్, టార్చ్, చిన్న అద్దం, టైర్ లోతు గేజ్. ఇనుము మీదే పనిచేసే చవక మీటర్ 458 లాంటి అల్యూమినియం బాడీ మీద అంకె చూపించదు. కార్బన్ ప్యానెళ్లకు ఈ రెండూ చాలవు, అల్ట్రాసోనిక్ మీటర్ కావాలి. అది లేకపోతే కార్బన్ భాగాలను వెలుతురులో కంటితో చూడటమే.

ఒక్కో ప్యానెల్‌పై ఐదారు చోట్ల కొలవండి. ఫ్యాక్టరీ పెయింట్ మామూలుగా 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. పెయింట్‌ను కాపాడే పారదర్శక పీపీఎఫ్ ఫిల్మ్ మందం 150 నుంచి 200 మైక్రాన్లు. కాబట్టి ఫిల్మ్ ఉన్న చోట 300 వస్తే కంగారు పడకండి, ఫిల్మ్ లేని డోర్ అంచుల మీద కొలిచి పోల్చండి. ఫిల్మ్ లేకుండానే ఒక ఫెండర్ 300 చూపి, ఎదుటి ఫెండర్ 130 చూపితే అక్కడ డెంటింగ్ పని జరిగింది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. రీ-పెయింట్ చేసిన చోట ఫిల్మ్ వేసి ఉంటే, తీసేటప్పుడు దాంతో పాటు పెయింట్ కూడా ఊడివస్తుంది. ఫిల్మ్ పసుపెక్కిన కారు కొంటే ఆ ఖర్చునూ బేరంలో కలపండి.

కార్బన్ సిరామిక్ బ్రేక్ డిస్క్‌లు ఇనుప డిస్క్‌ల్లా సన్నబడి అరిగిపోవు. ట్రాక్ మీద మితిమీరి వేడెక్కితే లోపలి కార్బన్ నారలు కాలి బరువు తగ్గుతుంది. కనీస బరువు డిస్క్ మధ్యభాగం మీద అచ్చువేసి ఉంటుంది. విప్పి తూకం వేయించడం, లేదా వర్క్‌షాప్‌లో కార్బన్ అరుగుదల కొలిచే పరికరంతో చూడటం రెండే నమ్మదగిన దారులు. అంచుల్లో పెచ్చులు లేచాయా, ఉపరితలం గరుకుగా నారలు తేలినట్టు ఉందా అన్నది టార్చ్‌తో కనపడుతుంది. నాలుగు డిస్క్‌లు మార్చాల్సి వస్తే మీ బేరం మొత్తం అందులోనే పోతుంది.

టైర్ పక్కన ఉండే నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటిన టైర్‌లో ఎంత లోతు మిగిలినా అది మార్చాల్సిన టైరే. తక్కువ తిరిగిన కార్ల విషయంలో చాలామంది మోసపోయేది ఇక్కడే. తిరగలేదు కాబట్టి బాగుందనుకుంటారు, కానీ రబ్బరు, ఆయిల్, సీళ్లు క్యాలెండర్ ప్రకారం ముసలివవుతాయి.

మోడల్‌ను బట్టి చూడాల్సినవి:

458లో డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ లోపలి సెన్సర్ చెడుతుంది. డ్యాష్‌లో గేర్‌బాక్స్ హెచ్చరిక వచ్చి కొన్ని గేర్లు పడవు. ఒకప్పుడు గేర్‌బాక్స్ మొత్తం మార్చేయమనేవారు, ఇప్పుడు సెన్సర్ మార్చే నిపుణులున్నారు. ఏది చేశారో బిల్లు చూపమనండి. 2010లో చక్రాల గూడు లోపలి జిగురు వేడికి అంటుకుని కొన్ని కార్లు కాలాయి. ఫెరారీ 1,248 కార్లను పిలిచి జిగురు స్థానంలో లోహపు బిగింపులు వేసింది. మొదటి ఏడాది కారైతే ఆ పని జరిగిన రికార్డు ఉండాలి. ఎండ దేశాల్లో డ్యాష్‌బోర్డ్ తోలు కుంచించుకుని అద్దం దగ్గర లేచిపోతుంది, బటన్ల మీది మెత్తటి పూత జిగటగా మారుతుంది. మే నెలలో బయట నిలిపిన కారుకు ఇవి తొందరగా వస్తాయి.

మెక్‌లారెన్ 12సీ, 650ఎస్, 720ఎస్‌లలో సస్పెన్షన్ హైడ్రాలిక్ అక్యుములేటర్లు (ద్రవపు ఒత్తిడిని నిల్వచేసే భాగాలు) బలహీనపడతాయి. గతుకుల మీద కారు గట్టిగా ఎగిరితే, మోడ్ మార్చినా తేడా తెలియకపోతే అనుమానించండి. తొలి 12సీలలో స్క్రీన్ సాఫ్ట్‌వేర్, హ్యాండిల్ లేని డోర్ల తాకుడు సెన్సర్లు కూడా ఇబ్బంది పెట్టాయి.

అవెంటడోర్‌లో ఉన్నది డ్యూయల్ క్లచ్ కాదు, ఒకే క్లచ్ ఉన్న ఆటోమేటెడ్ గేర్‌బాక్స్. ట్రాఫిక్‌లో పాకించడం, ర్యాంపు మీద రివర్స్ చేయడం క్లచ్‌ను తినేస్తాయి. కంప్యూటర్ పెట్టి క్లచ్ ఎంత శాతం మిగిలిందో చూపించకుండా డబ్బు కట్టకండి. మొదటి తరం ఆర్8లో మ్యాగ్నెటిక్ షాక్ అబ్జార్బర్లు ఆయిల్ కారుస్తాయి, చక్రం వెనక అద్దం పెట్టి తడి ఉందేమో చూడండి.

పోర్షే జీటీ3 అయితే ఓవర్‌రెవ్ రిపోర్ట్ అడగండి. పరిమితి దాటి ఇంజిన్ ఎన్నిసార్లు, ఏ స్థాయిలో, ఎన్ని ఇంజిన్ గంటల దగ్గర తిరిగిందో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రాసిపెట్టుకుంటుంది. పై స్థాయుల్లో ఇటీవలి లెక్కలుంటే వదిలేయండి. 2014లో జీటీ3 కనెక్టింగ్ రాడ్ బోల్టులు వదులై మంటలు రావడంతో పోర్షే 785 కార్లకు ఇంజిన్లే మార్చింది. ఆ తరం కారులో ఇప్పుడున్న ఇంజిన్ నంబర్‌కు సరిపోయే కాగితం అడగడం మామూలే, ఎవరూ తప్పుగా తీసుకోరు.

దశ 6: కాగితాలు

సర్వీస్ పుస్తకంలో ముద్రలు ఉంటే సరిపోదు, బిల్లులు కావాలి. ఫెరారీ కొత్త కార్లతో ఏడేళ్ల నిర్వహణ పథకం ఇస్తుంది, షెడ్యూల్ సర్వీస్ 20,000 కి.మీ.కు లేదా ఏడాదికొకసారి. కాబట్టి ఏడేళ్ల లోపు ఫెరారీకి ఒక ఏడాది ఖాళీ ఉంటే, ఉచితంగా వచ్చే సర్వీస్ ఎందుకు చేయించలేదని అడగండి. ఆ ఏడాది కారు ఎక్కడో గుద్దుకుని పడి ఉండొచ్చు.

బిల్లుల మీది కిలోమీటర్లన్నీ తేదీల వారీగా ఒక కాగితంపై వేయండి. పెరుగుతూ పోవాలి, ఎక్కడా వెనక్కి రాకూడదు. రెండు తాళాలు, కారు కవర్, బ్యాటరీ ఛార్జర్, టూల్ కిట్, పుస్తకాల తోలు సంచి ఉన్నాయా చూసుకోండి. చిల్లర వస్తువుల్లా కనిపిస్తాయి గానీ విడిగా కొనాలంటే ధరలు చూసి కళ్లు తిరుగుతాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు వీఐఎన్ (కారు గుర్తింపు నంబర్) చరిత్ర నివేదికతో ఆగకండి. బీమా కంపెనీకి చెప్పకుండా సొంత డబ్బుతో బాగుచేయించిన ప్రమాదం అందులో రాదు. సాల్వేజ్ టైటిల్ (ప్రమాదంలో బాగా దెబ్బతిందని రికార్డుకెక్కిన గుర్తు) ఉన్న సూపర్‌కార్ ఎంత చవకైనా, అమ్మేటప్పుడు అంతకన్నా చవకే. ఆన్‌లైన్ వేలాల్లో ధరలు చూసేటప్పుడు అమ్ముడైన వాటినే లెక్కలోకి తీసుకోండి. రిజర్వ్ (అమ్మేవాళ్లు పెట్టిన కనీస ధర) అందక ఆగిపోయిన బిడ్ ధర కాదు.

దశ 7: ఇండియాలో కొంటే

ఇక్కడ లెక్క వేరు. 40,000 డాలర్లు దాటిన కార్లకు దిగుమతి సుంకాలు, జీఎస్టీ కలిసి ధరను రెట్టింపు దాటిస్తాయి. ఆ పన్ను భాగం కారుతో పాటు తరిగిపోతుంది. పైగా మీ చేతిలో లేని ప్రమాదం ఒకటుంది. సుంకం తగ్గిన రోజు కొత్త కారు ధరతో పాటు మీ పాత కారు ధరా దిగుతుంది. 2025 జూలైలో సంతకమైన భారత్-బ్రిటన్ వాణిజ్య ఒప్పందంలో కోటా పరిధిలోని కార్ల సుంకాన్ని క్రమంగా 10 శాతానికి దించే ఏర్పాటు ఉంది. బ్రిటిష్ కార్లు కొనేవాళ్లు దీన్ని పట్టించుకోవాలి.

సెకండ్ హ్యాండ్ కారును విదేశం నుంచి తెచ్చుకోవాలంటే అది మూడేళ్ల లోపుదై, రైట్ హ్యాండ్ డ్రైవ్ అయి, ముంబై రేవు నుంచే రావాలి. అంటే ఈ రోజు లండన్‌లో దొరికే మంచి 458 ఇక్కడికి రాదు. లెఫ్ట్ హ్యాండ్‌లోనే చేసిన లాఫెరారీ, పోర్షే 918, కరేరా జీటీ మొదటి నుంచీ రాలేవు. అందువల్ల ఇక్కడున్న పాత మోడళ్లు అప్పట్లో అమ్మినవే. సరుకు తక్కువ, కొనేవాళ్లూ తక్కువ. బ్రిటన్ ధరల గ్రాఫ్ చూపి ఇక్కడి అమ్మకందారు మిమ్మల్ని ఒప్పించబోతే వినకండి.

తప్పక చూడాల్సిన కాగితం బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సమయంలో కస్టమ్స్‌కు ఇచ్చిన పత్రం. దానిలోని ఛాసిస్ నంబర్, మోడల్, కట్టిన సుంకం కారుతో సరిపోవాలి. విలువ తగ్గించి చూపి దిగుమతి చేసిన కారైతే కస్టమ్స్ వాళ్లు కారునే పట్టుకెళ్తారు, అప్పుడు మీరు ఎంత నిజాయితీగా కొన్నారన్నది రెండో మాట.

వేరే రాష్ట్రం నంబర్ ఉన్న కారు చవగ్గా కనిపిస్తుంది. ఫారం 28తో ఎన్వోసీ తీసుకుని, పన్నెండు నెలలు దాటి ఇక్కడ ఉంచితే ఇక్కడ రిజిస్టర్ చేయించి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కోట్ల కారు మీద అది లక్షల్లో వస్తుంది. బేరానికి ముందే ఆ అంకెను ఆర్టీఏలో కనుక్కుని ధరలోంచి తీసేయండి. పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి రీఫండ్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, ఆ డబ్బు వచ్చేసిందనుకుని లెక్క వేయకండి.

బీమాలో ఐడీవీ (బీమా కంపెనీ లెక్కగట్టే కారు విలువ) పట్టిక ప్రకారం ఐదో ఏడాదికి కారు విలువ సగానికి వస్తుంది. నిలబడే కారుకు ఇది అన్యాయం. ఐదేళ్లు దాటాక ఐడీవీ పరస్పర అంగీకారంతో నిర్ణయమవుతుంది కాబట్టి, ఇటీవలి అమ్మకం ధరలు చూపించి పెంచమని అడగండి. జీరో డిప్రిసియేషన్‌తో పాటు ఇంజిన్‌లోకి నీరు చేరితే వర్తించే రక్షణ కూడా తీసుకోండి. మిడ్ ఇంజిన్ కారు నేలకు ఎంత దగ్గరగా ఉంటుందో, హైదరాబాద్‌లో వాన పడితే రోడ్లు ఎలా ఉంటాయో తెలిసిందే.

దశ 8: అసలు ఖర్చు లెక్క

ఇవి ఊహించుకున్న అంకెలే, మీవి వేసుకోండి. 2.40 కోట్లకు కొని, మూడేళ్ల తర్వాత 2.05 కోట్లకు అమ్మారనుకుందాం. తరుగు 35 లక్షలు. బీమా ఏడాదికి 4 చొప్పున 12 లక్షలు. సర్వీస్, ట్రైలర్ ఖర్చు ఏడాదికి 3 చొప్పున 9 లక్షలు. ఒక సెట్ టైర్లు 3 లక్షలు. అమ్మించిన డీలర్‌కు 5 లక్షలు. ఆ 2.40 కోట్లు బ్యాంకులో ఉంటే 7 శాతం సాధారణ వడ్డీతో మూడేళ్లకు వచ్చే 50.4 లక్షలు. మొత్తం 114.4 లక్షలు. 6,000 కి.మీ. తిరిగి ఉంటే కిలోమీటరుకు దాదాపు 1,907 రూపాయలు. అందరూ మాట్లాడుకునే తరుగు ఇందులో మూడో వంతు కూడా కాదు. ధర తగ్గని కారు అని మురిసేవాళ్లు వడ్డీని, సర్వీస్‌ను మరచిపోతారు.

దశ 9: ఉన్నన్నాళ్లు చూసుకోవడం

వారం దాటి నిలిపితే ఫ్యాక్టరీ ఛార్జర్ పెట్టి ఉంచండి. బ్యాటరీ పూర్తిగా పోతే ముందు డిక్కీ తెరుచుకోని కార్లున్నాయి, అత్యవసర తీగ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి. రెండు మూడు వారాలకోసారి ఆయిల్ పూర్తిగా వేడెక్కేదాకా, అంటే కనీసం అరగంట నడపండి. గ్యారేజీలో ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం మేలు కాదు, సైలెన్సర్‌లో నీరు, ఆయిల్‌లో తేమ చేరతాయి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది. నెలల పాటు నిలిపే ముందు ఇథనాల్ కలవని ప్రీమియం పెట్రోల్ పోయించడం మంచిది. కారు కవర్ కింద దుమ్ముంటే అదే ఉప్పు కాగితంలా పెయింట్‌ను గీస్తుంది, కడిగాకే కప్పండి.

ఎగ్జాస్ట్, చక్రాలు మార్చుకుంటే అసలువి పారేయకుండా పెట్టెల్లో పెట్టి దాచండి. ఈసీయూ ట్యూనింగ్ మాత్రం వద్దు. తిరిగి పాత ప్రోగ్రాం వేసినా చాలా కంపెనీల డయాగ్నస్టిక్స్‌లో ఆ జాడ ఉంటుంది, వారంటీ పోతుంది.

దశ 10: అమ్మడం

తర్వాతి మోడల్ ప్రకటించకముందే అమ్మండి. అలా కుదరకపోతే, ఈ కారు ఏదైనా వరసలో చివరిదైతే, ఆ హడావిడి తగ్గేదాకా రెండేళ్లు ఆగండి. మధ్యలో అమ్మకండి. అమ్మే ముందు ఏడాది సర్వీస్ పూర్తిచేసి, అధీకృత వర్క్‌షాప్ తనిఖీ నివేదిక తీసుకుని, వారంటీ మిగిలుంటే దాన్ని బదిలీ చేయగల కాగితం సిద్ధం చేసుకోండి. యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక, లోన్ ఉంటే అది తీరిందన్న ఫారం 35 బ్యాంకు నుంచి తెచ్చాక, డబ్బు పూర్తిగా ఖాతాలో పడ్డాకే రెండో తాళం ఇవ్వండి. ఆర్సీలో పేరు మారేదాకా మీ ఫాస్టాగ్ తీసేసి ఉంచండి, ఈ-చలాన్లు మీ పేరు మీదకు వస్తున్నాయేమో చూస్తుండండి.